వాహెద్ అడిగిన సున్నా

మాసన్ లేక్స్ టెక్నాలజీ పార్కులో చివరి బిల్డింగు... చీకటి పడ్డాక ఆ సర్వర్ రూమ్‌లోకి సెక్యూరిటీవాళ్లు కూడా అడుగుపెట్టరు. నేను పెట్టాను! రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని హడలిన ఆ వైటూకే రోజుల్లో నేను దగ్గితే చాలు, అడిలైడ్‌లో సగం కంప్యూటర్లు వాటంతటవే బాగయ్యేవి మరి.

ఆ రాత్రి మేనేజర్ చలపతి ఫోన్ చేశాడు.

"గురూ, అర్జెంటుగా రా... వాడొచ్చాడు."

వాడంటే వాహెద్. కర్నూలు కుర్రాడు. మిషన్‌లో ఎవరేం చేసినా, దాని గుండెకాయలాంటి కెర్నెల్ ప్రోగ్రాం రాసిపెట్టే చిట్టా, అదే ఆడిట్ లాగ్, అప్పట్లో అతని పని.

"సార్, మాట రాసే గడి ఎంతుందో కొలిచి రాయాలి, మాట అయిపోయిందని చివర సున్నా పెట్టాలి. లేకపోతే గడిలో మిగిలిన పాత అక్షరాలు కూడా మిషన్ చదివేస్తుంది" అని మొత్తుకున్నాడు.

"రెండువేలలో ఉన్న సున్నాలతోనే చస్తున్నా, మధ్యలో నీదొకటా?" అన్నాడు చలపతి.

మిషన్ కూలింది. చలపతి తప్పంతా వాహెద్ మీద రాసేశాడు. ఉద్యోగం పోయింది, వీసా పోయింది... ఎయిర్‌పోర్టు దారిలో యాక్సిడెంటై ప్రాణమూ పోయింది.

ఆ రాత్రి వెళ్లి స్క్రీన్ చూశాను. ప్రతి లైను చివరా — వాహెద్.

"పొద్దున్నే ఆడిటర్లొస్తారు. ఈ పేరెవరిదని తవ్వితే నా పని అయిపోయినట్టే!" అన్నాడు చలపతి.

పగలబడి నవ్వాను. "దెయ్యం కాదయ్యా! పాత రాత తుడవకుండా పైన కొత్తది రాశారు, తోక మిగిలింది. అంతే!"

కీబోర్డు పొగలు కక్కింది. కెర్నెల్లోకి దూరి గడి తుడిచాను, కొలిచాను, సున్నా పెట్టాను. లైన్లు కడిగిన ముత్యాల్లా వచ్చాయి.

"పీడ వదిలింది" అన్నాడు చలపతి.

"ఇంతకీ వాహెద్ ఈ మిషన్‌లో ఎప్పుడు లాగిన్ అయ్యాడు?" అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. "ఇది... వాడు పోయాక కొన్నది."

స్క్రీన్ మీద కొత్త లైను... ఒక్కో అక్షరమే.

"తప్పు వాహెద్‌ది కాదు, నాది — చలపతి."

చలపతి చేతులు జేబుల్లో ఉన్నాయి. నావి నెత్తిమీద ఉన్నాయి.

ఒక్క ఉదుటున వచ్చి చెరిపేశాడు. వెంటనే మరో లైను — "చలపతి చెరిపాడు." అదీ చెరిపాడు. మళ్లీ వచ్చింది.

"వాహెద్... వదిలెయ్ రా..."

ఆడిటర్లు తలుపు తీసేసరికి స్క్రీన్ నిండా అదే మాట. చలపతి ఇంకా చెరుపుతూనే ఉన్నాడు.

ఒక్క లైనూ గడి దాటలేదు. అన్నిటికీ చివర సున్నా ఉంది. చూశారా నా ప్రతాపం అని మీసం దువ్వుకుంటూ కారెక్కాను. అప్పుడు తట్టింది — కెర్నెల్లో ఏం మార్చినా, మిషన్ ఆపి మళ్లీ లేపితేగానీ పనిచెయ్యదు.

ఆ రాత్రి దాన్నెవరూ ఆపలేదు.