ఎర్ర చొక్కాల మీద పందెం

పరుగు!

సుభాన్ పరిగెడుతున్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో మూడడుగుల ఇనుప రాడ్డు.

షువైఖ్ గ్యారేజీల సందులు. రెండు పక్కలా దించేసిన షట్టర్లు. చీకటి పడి అరగంటయింది. అంటే కర్ఫ్యూ మొదలై కూడా అరగంటే. ఇరాకీ సిపాయిల కంట పడితే పేరు అడగరు... కాల్చేస్తారు.

అయినా ఆగడం లేదు.

చంపేస్తాను. కీత్‌ని చంపేస్తాను. బుర్రలో ఈ ఒక్క మాటే గిర్రున తిరుగుతోంది.

రెండు నెలలు! ఆ ఇంగ్లీషోణ్ణి రెండు నెలలుగా అటక మీద దాచి కాపాడుతున్నాడు. తన ఖుబ్బూస్ రొట్టెలో సగం తుంచి వాడికి పెట్టాడు. దొరికితే తన తల ఎగిరిపోతుందని తెలిసీ పెట్టాడు. చివరికి వాడు చేసిందేమిటి? అబద్ధం చెప్పి, నోట్లో మట్టి కొట్టాడు.

వెనక ఏదో చప్పుడు.

టప్... టప్... టప్...

ఆగాడు. చప్పుడూ ఆగింది.

మళ్ళీ పరిగెత్తాడు. ఈసారి ఏమీ వినిపించలేదు. తన గుండె చప్పుడేనేమో అనుకున్నాడు.

మలుపు తిరిగాడు. ఎదురుగా జీపు!

లైటు సూటిగా మొహం మీద పడింది. రాడ్డు వీపు వెనక దాచుకున్నాడు. ఒకటి... రెండు... మూడు...

లైటు పక్కకి తిరిగింది. జీపు నెమ్మదిగా వెళ్ళిపోయింది.

చూడలేదా? చూసీ వదిలేశారా? అల్లా దయ అనుకుని సందులోకి దూరిపోయాడు. పాపం, అల్లాకి ఆ జీపుతో ఏ సంబంధమూ లేదని తెలియడానికి ఇంకా పావుగంట పట్టింది వాడికి.

ఇదంతా రగ్బీ లీగ్ తెచ్చిన తంటా.

నవ్వకండి. కడప జిల్లా నుంచి కువైట్ పోయిన మెకానిక్కులూ డ్రైవర్లూ ఎక్కడో ఇంగ్లండులో ఆదివారం ఆడే ఆట మీద పందెం కాయడమేమిటి అంటారేమో. కాసేవాళ్ళు. నేర్పింది కీతే. గ్యారేజీ ఫోర్‌మన్. ఆయిల్ డబ్బాలు నేల మీద పేర్చి, ఇటు పదమూడు మంది, అటు పదమూడు మంది, బంతి చంకన పెట్టుకుని గుద్దుకుంటూ పోవాలి అని చూపించేవాడు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి మనవాళ్ళు దానికి గుడ్డాట అని పేరు పెట్టారు. ఆ ఆట ఆడే ఊళ్ళ పేర్లకి నోరు తిరగదు. అందుకని ఎర్ర చొక్కాలు, నల్ల చొక్కాలు. వారానికో అర దినారు. సరదా!

ఆగస్టులో సద్దాం సైన్యం వచ్చి పడింది. సరదా చచ్చింది.

తెల్లవాళ్ళని ఏరి పట్టుకుపోతున్నారు. ఫ్యాక్టరీల దగ్గరా డ్యాముల దగ్గరా కాపలా పెట్టి ఉంచితే అక్కడ అమెరికావాడు బాంబులు వేయడని వాళ్ళ లెక్క. తెల్లవాణ్ణి దాచినవాడికి చావే. కీత్ ఎంబసీకి పారిపోయాడని గ్యారేజీ అంతా నమ్మింది. నిజం సుభాన్ ఒక్కడికే తెలుసు. మూడు సందుల అవతల, పాత స్పేర్ పార్టుల దుకాణం. దాని అటక మీద కీత్. రోజూ పొద్దున్నే వెళ్ళి నీళ్ళూ రొట్టే ఇచ్చి వస్తాడు.

కఫీల్, అంటే గ్యారేజీ యజమాని, సౌదీకి పరారయ్యాడు. కంపెనీ లారీ తాళాలు స్టోర్ కీపర్ మునీంద్ర చేతిలో పడ్డాయి. రాయచోటి వాడు. మాట మెత్తన, మనిషి మాత్రం పరమ కిరాతకుడు. జోర్డాన్ బోర్డర్ దాకా లారీ, అక్కణ్ణుంచి బొంబాయికి విమానం. నలభై సీట్లు. ఉన్నది అరవై మంది. సీటుకో ఇత్తడి వాషరు బిళ్ళ తయారు చేసి, దాని మీద నంబరు కొట్టి, బంగారు గాజులకీ వాచీలకీ అమ్మేశాడు.

అక్కడితో ఆగితే మునీంద్ర ఎందుకవుతాడు! ఆదివారం పందెం మళ్ళీ మొదలుపెట్టాడు. గెలిస్తే ఒక బిళ్ళకి రెండు. ఓడితే ఉన్న బిళ్ళా పోతుంది. పందెం చీట్లు తనే ఇంగ్లీషులో రాసి, కింద తన పేరు పెట్టి, పైన స్టోర్ స్టాంపు గుద్దేవాడు. అదో దర్జా. వాళ్ళుండే క్యాంపు మొత్తానికి మిగిలిన రేడియో కూడా వాడిదే. స్కోరు వాడు చెప్పిందే వేదం.

పోయిన ఆదివారం గురప్ప ఓడాడు. పెయింటర్ గురప్ప. మునీంద్ర కాళ్ళ మీద పడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. కాళ్ళకి రంగు అంటుకుంటుంది లెయ్యి అన్నాడు మునీంద్ర. అందరూ నవ్వారు.

సుభాన్ కూడా నవ్వాడు.

తను నాలుగు వారాలుగా గెలుస్తున్నాడు మరి! బియ్యం, బ్యాటరీలు, టీ పొడి... చిన్న చిన్న పందాలే. కీత్ పుట్టిందే ఆ ఆట ఆడే ఊళ్ళో. ఎవడు ఎవణ్ణి ఓడిస్తాడో అటక మీద పడుకునే చెప్పేవాడు. సుభాన్ తెచ్చిన పందెం చీట్లు పరుపు కింద దాచుకునేవాడు. ఒకసారి సుభాన్ గొప్పకి పోయి నలుగురిలో వాగాడు కూడా. నల్ల చొక్కాల్లో గోల్ కొట్టేవాడికి మోకాలు బాగాలేదు, ఈసారి వాళ్ళ పని అయిపోయింది అని.

మునీంద్ర వినీ విననట్టు ఊరుకున్నాడు.

బిళ్ళని పందెంలో పెట్టే ధైర్యం మాత్రం సుభాన్‌కి ఎప్పుడూ లేకపోయింది. గౌసియా వచ్చేదాకా.

గౌసియా బీ, సుభాన్ భార్య. సులైబియా వైపు ఒక ఇంట్లో పనిమనిషి. మామా, అంటే ఇంటి యజమానురాలు, వాళ్ళంతా రాత్రికి రాత్రి వెళ్ళిపోతే, సిపాయిలు దూరిన ఇంట్లోంచి గోడ దూకి నడుచుకుంటూ వచ్చింది. అప్పటికే సీట్లన్నీ అయిపోయాయి. తన బిళ్ళ తీసుకుని పొమ్మన్నాడు సుభాన్. నువ్వు లేకుండా పోను అంది. పోనే పోనంది. ఇద్దరికీ కలిపి ఒకటే బిళ్ళ. లారీ సోమవారం తెల్లవారుజామున బయలుదేరుతుంది.

ఆదివారమే ఆఖరి పందెం.

ఎర్ర చొక్కాలు పది పాయింట్ల పైన తేడాతో గెలుస్తాయి, కళ్ళు మూసుకుని కాయి అన్నాడు కీత్. సుభాన్ కాశాడు. గౌసియాకి చెప్పకుండా.

సాయంత్రం మునీంద్ర రేడియో చెవికి ఆనించుకుని విన్నాడు. లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎర్ర చొక్కాలు పన్నెండు. నల్ల చొక్కాలు పద్నాలుగు."

అంతే. బిళ్ళ పోయింది. ఇద్దరిదీ పోయింది.

అప్పుడు వెలిగింది సుభాన్‌కి. తను వెళ్ళిపోతే కీత్‌కి నీళ్ళు పోసే దిక్కు లేదు. అందుకే... అందుకే కావాలని తప్పు చెప్పాడు! తనని ఇక్కడే కట్టి పడేయడానికి!

రాడ్డు అందుకుని క్యాంపు గేటు దూకాడు.

దుకాణం.

వెనక రేకు పక్కకి జరిపాడు. నిచ్చెన ఎక్కాడు. అటక మీద కొవ్వొత్తి వెలుగుతోంది. కీత్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెల దాకా పెరిగింది. చెవిలో ఇయర్‌ఫోను. ఒళ్ళో అరచేతంత రేడియో.

సుభాన్‌ని చూసి నవ్వాడు! బొటనవేలు పైకెత్తి మరీ నవ్వాడు!

ఆ నవ్వు చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. రాడ్డు లేచింది.

ఠక్!

కీత్ పక్కకి ఒరిగాడు. నుదురు చిట్లి రక్తం కారుతోంది. రేడియో దొర్లింది. ఇయర్‌ఫోను తీగ ఊడిపోయింది.

రేడియో పైకే మాట్లాడడం మొదలెట్టింది.

లండన్. ఆటల వార్తలు. సుభాన్‌కి ఇంగ్లీషు పెద్దగా రాదు గాని ఆ ఊళ్ళ పేర్లు తెలుసు. అంకెలు తెలుసు.

ఎర్ర చొక్కాలు ఇరవై ఆరు. నల్ల చొక్కాలు ఎనిమిది.

రాడ్డు కిందికి దించాడు.

కీత్ నుదురు పట్టుకుని సుభాన్ వైపు చూస్తున్నాడు. ఎందుకు కొట్టావని అడగడం లేదు. అసలు వాడికి అర్థమే కాలేదు.

"సుభాన్... వుయ్ వన్," అన్నాడు మెల్లగా. "వుయ్ వన్, నో?"

గెలిచారు! మరి మునీంద్ర...

నిచ్చెన కిర్రుమంది.

ముందు గురప్ప ఎక్కాడు. చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని ఉన్నాడు. సుభాన్ కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాడు. వాడి వెనక మునీంద్ర. మునీంద్ర వెనక ఇరాకీ కెప్టెన్, ఇద్దరు సిపాయిలు.

జీపు ఎందుకు వదిలేసిందో అప్పుడు తెలిసింది.

"మోకాలి సంగతి రేడియోలో రాలేదప్పా," అన్నాడు మునీంద్ర. "ఆట తెలిసినోడే చెప్పాల. తెల్లోడు యాడుండాడని అడిగితే నువ్వు చెప్పవు. అందుకే తప్పు స్కోరు చెప్పినా. రోషగాడివి, నేరుగా ఈడికే ఉరుకుతావని తెలుసు."



లారీకి దారి కాయితం కావాలట. అది లేకపోతే మొదటి చెక్‌పోస్టులోనే లారీ లాగేసుకుంటారట. ఒక్క తెల్లవాణ్ణి అప్పగిస్తే కాయితం ఇస్తానన్నాడట కెప్టెన్. నలభై మంది కోసం ఒక్కడు, నువ్వైతే ఏం చేసేవాడివని మునీంద్ర అడిగాడు.

"పందెం పందెమే. నువ్వు గెలిచినావు."

రెండు ఇత్తడి బిళ్ళలు తీసి నేల మీదకి విసిరాడు. ఖంగుమని దొర్లాయి. ఒకటి కీత్ కాలి దగ్గర ఆగింది.

సుభాన్ కీత్ వైపు చూశాడు. చచ్చేంత సిగ్గేసింది. అయినా వంగాడు. గౌసియా కళ్ళ ముందు కదిలింది. ఒకటి ఏరుకున్నాడు. కీత్ కాలి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి రెండోదీ ఏరుకున్నాడు.

కెప్టెన్ అప్పుడు అడిగాడు, అరబ్బీలో. ఇన్నాళ్ళూ వీణ్ణి దాచింది ఎవరు?

మునీంద్ర నవ్వాడు. చచ్చినవాడి బిళ్ళలు మళ్ళీ తన జేబులోకే వస్తాయి కదా! వేలు చూపించాడు.

"హాదా. ఈడే."

పిస్టల్ సుభాన్ వైపు తిరిగింది.

"లా."

కాదు అన్నది కీత్!

గోడ పట్టుకుని లేచాడు. రక్తం గడ్డంలోకి కారుతోంది. పదేళ్ళు కువైట్‌లో ఉన్నవాడు, ముక్కలు ముక్కలుగానైనా అరబ్బీ వచ్చు. సుభాన్‌ని చూపించి, ఈ మనిషి నన్ను పట్టుకోవడానికి వచ్చాడు, చూడండి, తల పగలగొట్టాడు అన్నాడు. తరవాత పరుపు కింద చెయ్యి పెట్టి కాగితాలు లాగాడు. ఐదు పందెం చీట్లు. మునీంద్ర చేతిరాత. కింద మునీంద్ర సంతకం. పైన మునీంద్ర స్టాంపు. వేలు మునీంద్ర వైపు తిప్పాడు. వారం వారం ఇవి తెచ్చిచ్చింది ఇతను, తిండి పెట్టిందీ ఇతనే. నా డబ్బు అయిపోయింది, నన్ను మీకు అమ్మేశాడు అన్నాడు.

కెప్టెన్ చీట్లు కొవ్వొత్తి దగ్గర పెట్టి చూశాడు. లారీ కాయితం కోసం మునీంద్ర పెట్టుకున్న అర్జీ జేబులోంచి తీసి పక్కన పెట్టాడు. అదే సంతకం. అదే స్టాంపు.

"అబద్ధం! సార్, కద్దాబ్! వీడు..." మునీంద్ర చీట్లు లాక్కోబోయాడు.

కెప్టెన్ గురప్ప వైపు తిరిగాడు. నిజమేనా అని కళ్ళతోనే అడిగాడు.

సుభాన్ వెనకే పోయి తెల్లవాడి చోటు చూపిస్తే బిళ్ళ తిరిగి ఇస్తానని గురప్పకి మాటిచ్చాడు మునీంద్ర. ఆ మాట నమ్మే గురప్ప ఇక్కడిదాకా వచ్చాడు. ఇప్పుడు మునీంద్రని ఒక్కసారి పైనుంచి కిందికి చూశాడు. చూపు కాళ్ళ దగ్గర ఆగింది.

తల ఊపాడు. నిజమే అన్నట్టు.

ఢాం!

అటక అదిరింది. మునీంద్ర స్పేర్ పార్టుల మీద వెల్లకిలా పడ్డాడు. మళ్ళీ కదల్లేదు.

కెప్టెన్‌కి నిజంతో పనేముంది? వంగి మునీంద్ర జేబులో చెయ్యి పెట్టాడు. లారీ తాళాలు తీసుకున్నాడు. యల్లా, పదండి అన్నాడు.

సిపాయిలు కీత్‌ని ఈడ్చుకుపోతున్నారు. సుభాన్ పక్కనుంచి పోతూ కీత్ ఒక్క క్షణం ఆగాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కల్ పానీ మత్ లానా," అన్నాడు. రేపు నీళ్ళు తేవద్దు అని.

బూట్ల చప్పుడు దూరమైంది. జీపు కదిలింది.

తాళాలు... లారీ తాళాలు!

సుభాన్ నిచ్చెన మీంచి దూకాడు. మళ్ళీ పరుగు! వచ్చిన సందుల్లోంచే. వెనక గురప్ప... ఇప్పుడు చెప్పులు వేసుకున్నాడు. టప్... టప్... టప్...

క్యాంపు గేటు బార్లా తెరిచి ఉంది. సందు చివర లారీ వెనక ఎర్ర లైట్లు. మలుపు తిరిగాయి. మాయమయ్యాయి.

ఆవరణలో నలభై మంది దాకా. మూటలు పక్కన పెట్టుకుని, చీకట్లో, ఎవరి నంబరు వరసలో వాళ్ళు. అందరికంటే చివర, వరసకి కాస్త ఎడంగా గౌసియా. సుభాన్‌ని చూడగానే ఎదురొచ్చింది. మొహం చూసింది. ఏమీ అడగకుండా అతని గుప్పిట విప్పింది.

రెండు బిళ్ళలు!

ఆమె మొహం వెలిగిపోయింది. రెండూ తీసుకుంది. కొంగున గట్టిగా ముడేసుకుంది. ఆ ముడిని పట్టి పట్టి చూసుకుంది.

"లారీని సిపాయిలు తోలుకుపోయినారు, డీజిల్ కొట్టించడానికేమో," అంది. "తెల్లారేలోపు వస్తుందిలే. నువ్వు కాసేపు పడుకో. వచ్చినాక నేను లేపుతా."