కొల్లేటికి మొదటి బాటిల్

ఏలూరు పవర్‌పేటలోని ఒక లాడ్జిలో డాక్టర్ సుబ్బయ్య శవం దొరికినప్పుడు ఆయన కుడి గుప్పిట్లో వైన్ బాటిల్ కార్క్ ఉంది. సుబ్బయ్య వైన్ ముట్టే మనిషి కాడు. ముప్పై ఏళ్లు రొయ్యల రోగాల మీద రీసెర్చ్ చేసి, చివరికి రొయ్య తినడం కూడా మానేసిన మనిషి. పోలీసులు గుండెపోటని రాసుకున్నారు. మెడ వెనక సూది గుర్తు గురించి ఎవరూ ఏమీ రాసుకోలేదు.

మర్నాడు పొద్దున్న హైదరాబాద్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ నిర్మల ఆ కార్క్‌ను టేబుల్ మీద పెట్టింది.

"కూర్చోకు అనుదీప్. టైమ్ లేదు."

అనుదీప్ నిలబడే కార్క్ మీది ముద్ర చదివాడు. ద్రాక్షవనం.

"చింతలపూడి దగ్గర, ఆయిల్‌పామ్ తోటల మధ్య లగ్జరీ వైన్‌యార్డ్ హోటల్," అంది నిర్మల. "పన్నెండు విల్లాలు, భూమి కింద సెల్లార్. ఓనర్ పేరు హ్యూగో. మన రొయ్యలు మార్కెట్లో ఉన్నంతకాలం తమ రొయ్యలు అమ్ముడుపోవని ఏడ్చే ఒక విదేశీ సిండికేట్ మనిషి. వాళ్ల ల్యాబ్‌లో కొత్త వైరస్ తయారైంది. మనుషులకు ఏమీ కాదు. రొయ్యలకు మాత్రం మూడే రోజులు. అది వైన్ బాటిల్‌లో మన దేశంలోకి వచ్చిందని సుబ్బయ్య కనిపెట్టాడు."

"ఎప్పుడు వదులుతారు?"

"శనివారం సాయంత్రం. హోటల్ ఓపెనింగ్. అతిథుల్ని కొల్లేటికి తీసుకెళ్లి, పడవ మీద 'ఫస్ట్ పోర్' అని ఉత్సవం చేస్తారు. మొదటి బాటిల్ సరస్సుకి నైవేద్యమట."

"రెయిడ్ చేద్దాం మేడమ్."

"సెల్లార్‌లో నాలుగు వందల బాటిళ్లున్నాయి. ఏది అసలుదో హ్యూగోకి ఒక్కడికే తెలుసు. ఈ మాట బయటికి పొక్కిందా, బయటి దేశాలవాళ్లు మన తీరం రొయ్య మొత్తం వద్దంటారు. బాటిల్ పోయకుండానే వాళ్లు గెలిచినట్టు. బ్యాకప్ లేదు. పోలీసులు లేరు."

"మన మనిషి ఎవరైనా..."

"ఉంది. సొమెలియర్ తేజశ్రీ. అంటే వైన్ రుచి చూసి వడ్డించే నిపుణురాలు. ఏడాదిగా మనకు కబుర్లు పంపుతోంది. సుబ్బయ్య ఏ లాడ్జిలో ఉన్నాడో వాళ్లకు చెప్పింది కూడా ఆవిడేనని నా అనుమానం." నిర్మల ఒక పెన్ను చేతికిచ్చింది. "బాటిల్‌కి ఆనిస్తే చాలు, వైరస్ ఉంటే ఎర్ర లైటు వెలుగుతుంది. ఇంతకన్నా ఏమీ ఇవ్వలేను."

అనుదీప్‌ది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్లో మూడు తరాలుగా కొట్టున్న వ్యాపారుల ఇల్లు. ఆ ఇంట్లో దగ్గుమందు కూడా మూత వాసన చూసి గానీ తాగరు. అలాంటివాడు శుక్రవారం మధ్యాహ్నానికి లినెన్ సూటు వేసుకుని, వైన్ మీద పుస్తకాలు రాసే ట్రావెల్ రైటర్ వేషంలో ద్రాక్షవనం గేటు దాటాడు. టేస్టింగ్‌లో నోట్లో పోసుకున్నది ఉమ్మెయ్యడమే మర్యాద అని తెలిసి ప్రాణం లేచొచ్చింది.

తోట బాగుంది. గుత్తులు బాగున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి గుత్తీ తీగకు ఆకుపచ్చ వైరుతో కట్టి ఉంది. ఆగస్టు నెలలో ఇక్కడ పండు ఎలా ఉంటుందని అడిగినవాళ్లు లేరు. అతిథులు వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

తేజశ్రీ ముదురెరుపు పట్టుచీరలో, చేతిలో గ్లాసుతో వచ్చింది. చూసినవాళ్లు గ్లాసులో ఏముందో మర్చిపోయేంత అందగత్తె.

"ఈ వైన్ ఏ నేలదండీ?" అన్నాడు అనుదీప్. అది కోడ్.

"నేలలో ఏముందండీ? నీళ్లు చెప్పాలి." కోడ్ సరిపోయింది. ఆమె నవ్వు చెరక్కుండానే గొంతు తగ్గించింది. "మీరొస్తున్నారని హ్యూగోకి పొద్దున్నే తెలుసండీ. నేనే చెప్పాను."

"ఎందుకు?"

"రెండు వైపులా చెప్పకపోతే నేను బతకనండి. సుబ్బయ్యగారి సంగతీ అలాగే చెప్పాను. కొనేస్తారనుకున్నాను, చంపేస్తారనుకోలేదు." ఆమె గ్లాసు అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అందరూ భోజనాల దగ్గరుండగా అతను సెల్లార్‌లోకి దిగాడు. ముప్పై ఎనిమిది బాటిళ్లకు పెన్ను ఆనించాడు. ముప్పై తొమ్మిదో దాని దగ్గర పెన్ను చార్జింగ్ అయిపోయింది. వెనక హ్యూగో, అతని బాడీగార్డు నిలబడి ఉన్నారు.

"నిన్ను చంపను," అన్నాడు హ్యూగో మర్యాదగా. "ఓపెనింగ్ ముందు రివ్యూ రాసేవాడు చస్తే హోటల్‌కి మంచిది కాదు. రేపు పెద్ద తూము ముందు, పడవలో నా పక్కనే ఉండి చూడు. నువ్వు నా చేతిలో బాటిల్ లాక్కున్నా, కాల్చి పగలగొట్టినా, అది పడేది కొల్లేట్లోనే." అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అనుదీప్‌కు తెలిసినంతలో ఇక దారి లేదు.

శనివారం మధ్యాహ్నం అతిథులకు కలిదిండి దగ్గర ఒక రైతు రొయ్యల చెరువు చూపించారు. బాడీగార్డు అనుదీప్‌ను వదల్లేదు. గట్టు మొదట్లో ఒక ప్లాస్టిక్ ట్రే, అందులో ఊదారంగు పర్మాంగనేట్ నీళ్లు. బయటి రోగాలు చెరువులోకి రాకుండా, గట్టెక్కే ముందు అందులో పాదాలు ముంచాలి. అతిథులు దాన్ని చూసి గులాబీరంగు 'రోజే' వైన్ అని జోకులేసి పక్కనుంచి నడిచారు. తేజశ్రీ మాత్రం రైతుతో మాట్లాడుతూనే హైహీల్స్ విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి, కిందికి చూడకుండా కుడి పాదం, ఎడమ పాదం ముంచి గట్టెక్కింది.

షెడ్డు నీడలో భోజనాల దగ్గర అనుదీప్ ఆమె పక్కకు చేరాడు. బాడీగార్డుకు తెలుగు రాదు.

"మీది ఏ ఊరండీ?"

"పూణే అండి."

"పూణేవాళ్లకు ఆ ట్రే ఎందుకో ఎలా తెలిసిందండీ?"

ఆమె చేతిలో ముద్ద ఆగింది. "ఇక్కడే, కలిదిండి. నరసరాజుగారి అమ్మాయినండి. ఇల్లొదిలి తొమ్మిదేళ్లయింది."

"ఆ బాటిల్ ఎక్కడ పోస్తారో తెలుసా మీకు?"

"వేరే రాష్ట్రంలో రొయ్యపిల్లల హేచరీకి వెళ్తుందన్నాడు హ్యూగో. ఇక్కడ పోసేది ఉత్తి వైనేనన్నాడు."

"ఇవాళ సాయంత్రం, పెద్ద తూము దగ్గర. అసలు బాటిలే."

కలిదిండి చెరువులకు కొల్లేటి నీళ్లు వెళ్లేది ఆ తూములోంచే. తేజశ్రీ మొహంలో రంగు పోయింది. "తూము నుంచి మూడో చెరువు మాదండి. నాన్నకి అది తప్ప ఏమీ లేదు."

"మీరొక్కరే ఆ బాటిల్ దగ్గరికి వెళ్లగలరు."

"వెళ్లి ఏం చేయనండీ? నేను పోసేదాన్నే గానీ ఆపేదాన్ని కాదు." ఆమె లేచి, చెయ్యి కడుక్కోవడానికి షెడ్డు వెనక్కి వెళ్లింది. మళ్లీ అతని వైపు చూడలేదు. అనుదీప్‌కు ఉన్న ఒక్క ఆశా అక్కడే అయిపోయింది.

సాయంత్రం ఐదున్నర. మబ్బు పట్టి కొల్లేరు బూడిదరంగులో ఉంది. నలభైమంది అతిథులతో పడవ కొల్లేటికోట దాటి, పెద్ద తూము ముందు ఆగింది. అవతల మోటార్లు నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపిస్తోంది. బాడీగార్డు పిస్టల్ కోటు జేబులోంచి అనుదీప్ పక్కటెముకలకు ఆనుకుని ఉంది.

హ్యూగో బాటిల్ పైకెత్తాడు. "పందొమ్మిది వందల ఎనభై రెండు నాటి వింటేజ్. మొదటి ధార ఈ సరస్సుకి!"

చప్పట్లు. అతను బాటిల్‌ను పడవ అంచు మీదికి వంచబోయాడు.

"క్షమించండి సార్," అంది తేజశ్రీ, పొడుగు మెడ గాజు కూజా పట్టుకుని. "నలభై ఏళ్ల వైన్. ఈ కూజాలోకి డికాంట్ చేయకుండా పోస్తారా?"

హ్యూగో నవ్వాడు. "సరస్సుకి డికాంటర్ ఎందుకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతిథుల్లో సగంమంది వైన్ క్లబ్బుల సభ్యులు. లక్ష్మీకాంతంగారని విశాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అదేమిటండీ! ఎనభై రెండుని నేరుగా ఒంపేస్తారా? అడుగున మడ్డి ఉంటుంది కదండీ! ముందు డికాంట్ చెయ్యాలి, గాలి తగలాలి. ఇంతకీ మీరు వైన్ తయారుచేసేవారేనా?"

"డికాంట్! డికాంట్!" అని మిగతావాళ్లు అందుకున్నారు. నలభై ఫోన్ల కెమెరాలు హ్యూగో మొహం మీద ఉన్నాయి. రెండు నిమిషాల ఆలస్యం అనుకుని అతను బాటిల్ ఇచ్చాడు.

తేజశ్రీ బాటిల్‌ను డికాంటర్ మూతి మీద వంచింది. చివరి చుక్కదాకా ఒంపింది. డికాంటర్ అడుగున అంతకుముందే నాలుగు వేళ్ల ఎత్తున తెల్లని నీళ్లున్నాయి. ఎర్రటి వైన్ వాటిలో పడి గోధుమరంగైంది, పసుపైంది, అందరూ చూస్తుండగానే గంజిలా పాలిపోయింది. ఘాటైన వాసన పడవంతా కమ్మింది.

ఆ వాసన అనుదీప్‌కు తెలుసు, చెరువున్న ప్రతి రైతుకూ తెలుసు. బ్లీచింగ్. చెరువులోకి నీళ్లు పెట్టేముందు అందులోని వైరస్‌ను చంపడానికి కలిపేది అదే. చెయ్యి కడుక్కోవడానికని వెళ్లిన ఆమె షెడ్డు వెనకున్న డబ్బాలోంచి తెచ్చుకుంది.

హ్యూగో మొహం డికాంటర్‌లో వైన్ కంటే తెల్లగా ఉంది. కెమెరాల ముందు ఏ మాటా అనడానికి లేదు. తేజశ్రీ డికాంటర్‌లోది కొంచెం ఖాళీ బాటిల్లో పోసి కడిగి, మళ్లీ ఒంపి, డికాంటర్ అతని చేతికిచ్చింది. అతను దాన్ని కొల్లేట్లో ఒంపాడు.

"రెడ్‌ని వైట్ చేశారండీ! అద్భుతం!" అని లక్ష్మీకాంతంగారు గాలి పీల్చారు. "స్విమ్మింగ్ పూల్ ఛాయ ఒకటి తగులుతోంది. మంచి నేల లక్షణం."

ప్లాన్ భగ్నమైంది. సాక్ష్యం కూడా దాంతోపాటే పోయింది. బాటిల్ అడుగున మిగిలిన తడిని ల్యాబ్‌లో పరీక్షిస్తే బ్లీచింగ్ తప్ప ఏమీ తేలలేదు. హ్యూగో ఆదివారం గన్నవరంలో విమానమెక్కి వెళ్లిపోయాడు. సుబ్బయ్య ఫైల్లో గుండెపోటు గుండెపోటుగానే ఉండిపోయింది. చివరికి నిలబడిన కేసు ఒక్కటే. పర్మిట్ లేకుండా పడవ మీద మద్యం వడ్డించడం. ఆ బాధ్యత సొమెలియర్‌దేనని హోటల్ లాయర్ లెటర్ ఇచ్చాడు.

"ఆవిడ మన మనిషని చెప్పండి మేడమ్," అని అనుదీప్ ఫోన్లో బతిమాలాడు.

"చెబితే ఎందుకు, ఏమిటి అని మొత్తం చెప్పాలి. రొయ్య మార్కెట్ పోతుంది," అంది నిర్మల. ఫోన్ పెట్టేసే ముందు, "సుబ్బయ్యని నేను మర్చిపోలేను అనుదీప్," అంది.

రెండు వారాల తర్వాత ఏలూరు జైల్లో ములాఖత్. అనుదీప్ లాయర్ గుమాస్తా వేషంలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊచలకు ఇవతల నరసరాజు, తెల్ల పంచె, చేతిలో క్యారేజీ. తొమ్మిదేళ్ల తర్వాత కూతుర్ని చూస్తున్నాడు.

"పేపర్లో చదివానమ్మా. పడవ మీద మందు పోస్తూ దొరికావటగా."

"అవును నాన్నా."

"ఎంత చదివించాను తల్లీ నిన్ను." ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నిజం చెప్పేయాలని అనుదీప్‌కు నోటిదాకా వచ్చింది. సంతకం చేసిన రహస్య ప్రమాణం అడ్డుపడింది. ఈ ఉద్యోగం మీద అతనికి అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

తేజశ్రీ మెల్లగా అడిగింది. "చెరువెలా ఉంది నాన్నా?"

ముసలాయన మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. "ఏం చెప్పనమ్మా! ఒక్క రొయ్యకి మచ్చ లేదు. పై నెలలో పట్టేస్తాం. నువ్వేమో ఇలా చేశావు గానీ, ఆ భగవంతుడు మాత్రం మనల్ని చల్లగా చూశాడు."

"అవును నాన్నా," అని ఆ భగవంతుడు, ఊచల్లోంచి చెయ్యి చాపి, క్యారేజీ అందుకుంది.