నాలుగో గేటు దగ్గర కవర్

“నాలుగో గేటు దగ్గర కవర్.”

బాస్ ఆ మెసేజ్‌ని రెండోసారి వినిపించాడు. ఆడగొంతు. ఆయాసం. అంతే, లైన్ కట్.

ఏజెంట్‌కి ఆ గొంతు బాగా తెలుసు. విదేశీ ముఠాలో డబుల్ ఏజెంట్‌గా చేరిన గాయని. క్లబ్బులో ఆమె పాడుతుంటే ముఠా నాయకుడు సిగరెట్ వెలిగించుకోవడం కూడా మర్చిపోయేవాడు. అంతకుముందు ఓ మిషన్‌లో ఆమె, ఏజెంట్ భార్యాభర్తలుగా నటించారు. మిషన్ ముగిసింది. నటన నిజమైంది. ఆ సంగతి బాస్‌కి తెలీదు.

“ఇవాళ రైల్వేస్టేషన్‌లో బాంబు పెడుతున్నారు. పెట్టేవాడికి కవర్ ఇవ్వడానికి నాలుగో గేటు దగ్గర గన్‌మ్యాన్ ఉంటాడు. ముందు వాణ్ణి లేపెయ్.”

“మరి ఆమె?”

“ఇవాళే బయటికి తెచ్చేస్తాం. నీకెందుకయ్యా అంత కంగారు?”

“కలిసి పనిచేశాం కదా సార్.”

టికెట్ కలెక్టర్ వేషం. కోటులో సైలెన్సర్ పిస్టల్. ఏజెంట్ చేరేసరికి నాలుగో గేటు దగ్గర ఓ పోర్టర్ అటు తిరిగి ఉన్నాడు. స్తంభం చాటున వంగి, కింద నుంచి ఏదో తీస్తున్నాడు. రైలు దిగిన జనం గేటు వైపు వస్తున్నారు.

ఏజెంట్ ట్రిగ్గర్ నొక్కాడు.

పోర్టర్ కూలిపోయాడు. టోపీ ఊడింది. పొడవాటి జుట్టు నేలంతా పరుచుకుంది.

ఆమె!

చేతిలో తుపాకీ లేదు. కూరగాయలు తెచ్చుకునే ప్లాస్టిక్ కవర్ ఉంది. అందులో టైమర్ పరిగెడుతోంది.

“కవర్ అని చెప్పాగా...” అంది ఆమె.

“మేం... గన్‌మ్యాన్ అనుకున్నాం.”

“సంచి అనుంటే సరిపోయేది. ఇంగ్లీషు తగ్గించమని నువ్వు చెబుతూనే ఉన్నావ్.” నవ్వబోయి దగ్గింది. “పసుపు వైరు. వాడు కలుపుతుంటే చూశా. తర్వాత ఏడుద్దువుగాని, ముందు కట్ చెయ్ బాబూ!”

కత్తిరించాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది.

“అయిపోయింది! లే!” అన్నాడు.

ఆమె లేవలేదు.

సాయంత్రం బాస్ ఫైల్ తెరిచాడు. “ఆమెని ఏమని రాయమంటావ్? గాయని అనేగా?”

“నా భార్య అని రాయండి.”

“అది పాత మిషన్‌లో కవర్ కదయ్యా?”

“కాద్సార్.”

బాస్ పెన్ను కింద పెట్టేశాడు. అతని మొహంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

“ఇన్నాళ్లూ నా దగ్గర ఎంత బాగా కవర్ చేశారయ్యా, ఇద్దరూ!”