లలితకు చెప్పాల్సిన ఎగ్జిబిషన్

“పద బాబాయ్, మళ్ళీ క్యూ పెరిగిపోతుంది” అంటూ ప్రమీలారాణి భాస్కరరావు చెయ్యి పట్టుకుని లాగింది.

ఆయన నాగార్జునసాగర్ డ్యామ్ నమూనా ముందు నిలబడిపోయాడు. అసలు డ్యామ్ ఇంకా కడుతూనే ఉన్నారు గానీ, నూజివీడు ఎగ్జిబిషన్‌లో మాత్రం అప్పుడే పూర్తయిపోయింది. గేట్లలోంచి నిజం నీళ్ళు వస్తున్నాయని చెప్పినా ప్రమీల వినిపించుకోలేదు. గుర్రాల రాట్నం అయింది. జెయింట్ వీల్ అయింది. మళ్ళీ జెయింట్ వీల్ అయింది. ఎన్ని ఎక్కితే అంత గొప్ప అని ఆ పిల్ల లెక్క.

నిజానికి ఆమె మీద ఒక పని ఉంది. చెల్లెలు లలిత ముసునూరు తోటలో మామిడిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. వెదురుబద్దల కట్టుతో మంచానికి అతుక్కుపోయింది. ఏడాదంతా ఎగ్జిబిషన్ కోసం కలవరించిన పిల్ల, ఏడవకుండా ఒక్క కోరిక కోరింది. చూసిందంతా అక్క వచ్చి చెప్పాలి, తనూ చూసినట్టే ఉండాలి. ప్రమీల ఒట్టు కూడా వేసింది.

ఇంటికి వచ్చేసరికి లలిత పెరట్లో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. నాయనమ్మ సుబ్బరత్నమ్మ ఇచ్చిన రసం మామిడిపండును ముట్టుకోలేదు. కబుర్లు వింటూ తిందామని దాచుకుంది.

“గుర్రాలు ఏ రంగువక్కా?”

“ఎర్రవి. కాదు, అన్ని రంగులూ ఉన్నాయి.”

“ఎగ్జిబిషన్ గేటు ఎలా ఉంది?”

“గేటులాగే ఉంది.”

లలిత గోడ మీదుగా కనిపిస్తున్న జెయింట్ వీల్ దీపాలు చూపించింది.

“అది పైకి వచ్చినప్పుడల్లా నీకు చెయ్యి ఊపాను. కనిపించానా?”

పైనున్నంతసేపూ ప్రమీల కిందికే చూసింది, తర్వాత దేనికి క్యూ తక్కువగా ఉందా అని.

“నేను చూడలేదే” అంది.

లలితకు అటు తిరిగి పడుకోవాలనిపించింది. కట్టున్న కాలు తిరగనిస్తేగా. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

ఏం చెయ్యాలో తోచక ప్రమీల పళ్ళెంలోంచి ఇంకో రసం తీసుకుని గట్టిగా నొక్కింది. పండు చిట్లి పరికిణీ అంతా పసుపైపోయింది. నాయనమ్మ తిట్టలేదు. తడిగుడ్డతో తుడుస్తూ, “రసంతో తొందర పనికిరాదే తల్లీ. చుట్టూ మెల్లగా మెత్తబరచాలి” అంది.

మర్నాడే ఎగ్జిబిషన్‌కు ఆఖరి రోజు. కాయల తట్టల మధ్య తలమునకలుగా ఉన్న బాబాయిని ప్రమీల బతిమాలి బయల్దేరదీసింది. గేటు దగ్గరికి రాగానే ఆగిపోయింది.

గేటు మీద నెమలి ఉంది. నిన్న దాని కిందనుంచే పరిగెత్తింది. ఒక్కో ఈకలో చిన్న చిన్న బల్బులు ఒకదాని వెనక ఒకటి వెలుగుతుంటే పురి నిజంగానే విప్పుతున్నట్టుంది. దాని కాళ్ళ సందున ఒక పిచ్చుక గూడు. అంత గోలలోనూ తల్లిపిచ్చుక పిల్లల నోళ్ళలో ఏదో పెట్టి మళ్ళీ ఎగిరిపోయింది. ప్రమీల నోరు తెరుచుకుని చూసింది.

డ్యామ్ దగ్గర ఈసారి బాబాయే “పోదామా” అన్నాడు, ఆమె కదల్లేదు. గట్టు మీద చింతగింజంత ఆడమనిషి బొమ్మ తట్ట మోస్తోంది. కట్టకు వెనక నీళ్ళలో బతికున్న చేపపిల్ల ఈదుతోంది. ఇదంతా నిన్న కూడా ఇక్కడే ఉందంటే ఆమెకు నమ్మకం కలగలేదు. గుర్రాల్లో ఒకదానికి ముందుపన్ను లేదు. అచ్చం లలితలాగే.

వెలుతురు పోకముందే జెయింట్ వీల్ ఎక్కింది, ఒక్కసారే. పెట్టె మెల్లగా పైకి లేచింది. ఈసారి ఆమె కిందికి చూడలేదు. ఊరి చుట్టూ, కనుచూపు మేర, మామిడితోటలే. రోజూ తిరిగే తోటలు ఇంత పెద్దవని ఆమెకు తెలియనే తెలియదు. కాయల బండ్లు దీపాలు వెలిగించుకుని బారుగా ఊళ్ళోకి వస్తున్నాయి. పెంకుటిళ్ళ మధ్య తమ ఇంటిని వెతికింది. పెరడు. మంచం. మంచం మీద తెల్లగా ఏదో కదులుతోంది.

లలిత తువ్వాలు ఊపుతోంది.

నిన్న అంత కోపం వచ్చినా ఊపుతూనే ఉంది. ప్రమీల కళ్ళు తుడుచుకుని, పెట్టె కిందికి దిగేదాకా చెయ్యి ఊపింది.

ఇంటికి రాగానే మంచం పక్కన చతికిలబడింది. ఒక రసం లలితకిచ్చి, ఒకటి తను తీసుకుని అరచేతుల మధ్య మెల్లగా మెత్తబరచసాగింది.

“నువ్వు కనిపించావే. తువ్వాలు కూడా. కానీ అది చివర్లో వస్తుంది. ముందు గేటు మీద నెమలి ఉంటుంది...”

అమ్మ అన్నానికి పిలిచే వేళకు వాళ్ళిద్దరూ ఇంకా గేటు దాటలేదు.