శనివారం ఆగిపోయే ట్రాక్టర్

ట్రాక్టర్ చచ్చి షెడ్డులో పడి ఉంది.

శనివారం ఉదయం 9:40. ఉయ్యూరు దాటాక మూడో ఊరు. విజయవాడ షోరూమ్ తరఫున వచ్చిన సర్వీస్ ఇన్వెస్టిగేటర్ శాంభవి గేర్‌బాక్స్ అడుగున బోల్టు విప్పింది. తేనెరంగులో రావలసిన ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పాలెక్కువైన టీలా కారింది.

ఆయిల్లో నీళ్ళు. మళ్ళీ!

నెలన్నరలో ఇది మూడోసారి. వచ్చినప్పుడల్లా ఆయిల్ మార్చింది. ఫిల్టర్ మార్చింది. సీళ్ళన్నీ మార్చింది. చేతిలో ఉన్న స్పానర్ని కాలవలోకి గిరవాటెయ్యాలన్నంత చిరాకేసింది.

"ఇంకా వెతుకుడేంటమ్మా?" అన్నాడు యజమాని రామకోటేశ్వరరావు. "వాడే పోశాడు. సెలవడిగాడు, ఇవ్వలేదు. ఆ కక్ష. కంప్లైంట్ రాసేశా. పన్నెండింటికి స్టేషన్‌కి వెళ్తున్నా."

వాడంటే డ్రైవర్ డేనియల్. పదకొండేళ్ళుగా ఇదే ఇంట్లో పని. షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కాలవలో దింపి కడిగావా?" అడిగింది శాంభవి.

"లేదు మేడం. మొదటిసారే మీరొద్దన్నారు కదండి."

"మరి నీళ్ళెలా వచ్చాయి?"

"నా బండి నేనెందుకు పాడుచేసుకుంటానండి?"

"నీ బండా?" కయ్యిమన్నాడు రావు.

"సార్! పన్నెండింటి దాకా నన్ను పని చేసుకోనివ్వండి," అంది శాంభవి. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

10:05. పొయ్యి మీద పాత పెనం. విజయవాడ వన్ టౌన్‌లో ఆయిల్ అమ్మే కిరీటి కొట్టు నుంచి వచ్చిన కొత్త డబ్బాలోంచి ఒక చుక్క వేసింది. చప్పుడు లేదు. గేర్‌బాక్స్ ఆయిల్ చుక్క వేసింది. చిటపటలాడింది. డబ్బాలో కల్తీ లేదు. కిరీటి తప్పు కాదు.

10:30. ఫిల్టర్‌ని రంపంతో కోసింది. కాలవ నీరైతే మడతల్లో ఒండ్రు ఉండాలి. చిటికెడు కూడా లేదు. డేనియల్ చెప్పింది నిజమే.

కానీ పసుపుపచ్చని నలుసులేవో ఉన్నాయి. లోపలి భాగాలు అరిగి రాలిన ఇత్తడి రజను అయితే మెరవాలి. ఇవి మెరవడం లేదు. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉన్నాయి. పోయిన రెండుసార్లూ ఫిల్టర్ కొయ్యకుండా పారేసినందుకు తనని తానే తిట్టుకుంది.

అరుగు మీద రావు తల్లి పద్మావతమ్మ తమలపాకుకి సున్నం రాస్తోంది. శాంభవి ఆ సున్నం వైపే చూసింది.

"మామ్మగారూ, కొంచెం సున్నం ఇస్తారా?"

"నీకెందుకే అమ్మాయ్? నోరు పొక్కుద్ది."

నలుసుల్ని కాగితం మీద వేసి, నూనె తుడిచి, తడి సున్నం రాసింది. ఎర్రబడింది.

"పసుపే!" అంది పద్మావతమ్మ. "ఎన్ని పెళ్ళిళ్ళకి పారాణి కలిపాను! నాకు తెలీదూ?"

11:20. అందరూ షెడ్డులో చేరారు.

"ట్రాక్టర్‌కి పసుపు ఎవరు పెడతారు?" అడిగింది శాంభవి.

"నేనే," అంది పద్మావతమ్మ. "ప్రతి శుక్రవారం. సీటు వెనక బుడిపె ఉందిగా, దాని నిండా పూసి బొట్టు పెడతా."

"ముందు కడిగేదెవరు?"

"నేను," అన్నాడు రావు. "పాత పసుపు మీద కొత్తది పెట్టకూడదంటుంది అమ్మ. ఇందుకే ప్రెషర్ వాషర్ కొన్నా."

"ఎప్పుడు?"

"రెణ్ణెల్లయింది."

"బండి అప్పుడు వేడిగా ఉంటుందా?"

"ఏడింటికి దున్ని తెచ్చి ఇచ్చి టిఫిన్‌కి వెళ్తానండి. కాలిపోతా ఉంటది," అన్నాడు డేనియల్.

శాంభవి ఆ బుడిపె మీద వేలు పెట్టింది. "దీన్ని బ్రీదర్ అంటారు. గేర్‌బాక్స్ గాలి పీల్చేది దీంతోనే. వేడి మీద చల్లనీళ్ళు కొడితే లోపలి గాలి ముడుచుకుపోతుంది. బయటున్నదాన్ని లాక్కుంటుంది. మీరు పసుపు పోయేదాకా దగ్గరగా పెట్టి కొడుతున్నారు. నీళ్ళూ పసుపూ కలిసి లోపలికి పోతున్నాయి. మూడుసార్లూ బండి శనివారమే ఆగింది, సార్. పూజలో తప్పు లేదు. తప్పు మీ వాషర్‌ది."

రావు మొహం మాడిపోయింది. కంప్లైంట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరేలేరా. సోమవారం పనిలోకి రా."

"రానండి," అన్నాడు డేనియల్.

"ఏం?"

"మొన్న మా ఆవిడ దీవెన మా పిల్లని తీసుకురావడానికి బడికెళ్తే, ట్రాక్టర్ పాడుచేసినోడి పెళ్ళాం అన్నారండి. ఏడ్చుకుంటా ఇంటికొచ్చింది. పాలకేంద్రం దగ్గర పదిమందిలో మీరన్న మాటే అది. నేను కాదని అక్కడే చెప్పండి. అప్పుడొస్తా."

రావు శాంభవి వైపు చూశాడు. ఆమె చేతులు తుడుచుకుంటోంది.

"పాలు పోసేది నాలుగింటికి," అంది పద్మావతమ్మ. "అందరూ ఉంటారు. నేనూ వస్తా."

సాయంత్రం 4:10. పాలకేంద్రం ముందు రావు నిలబడ్డాడు.

"గేర్‌బాక్స్‌లో నీళ్ళు పోసింది నేనే," అన్నాడు.