డికాషన్ దిగేదాకా

"పదిహేడు డాలర్లా? కాఫీపొడికా?"

రాత్రంతా వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి వచ్చిన మహీధర్‌కు ఆ బిల్లు చూడగానే ఉన్న కాస్త ఓపికా పోయింది.

"అరకిలో. మంచి పొడి," అంది ధరణి, బేస్‌మెంట్ వంటింట్లో ఫిల్టర్‌లో వేడినీళ్ళు పోస్తూ.

"గా పైసలతోని నెలంత చాయ్ తాగొచ్చు."

"మీ వరంగల్ వాళ్ళకి చాయ్ చాలు. మాది తెనాలి. కాఫీ పడకపోతే క్లాసులో ఒక్క ముక్క బుర్రకెక్కదు."

ఆమె కాలేజీలో చదువుతోంది. అతను స్పౌజ్ వర్క్ పర్మిట్ మీద కెనడాలోని బ్రాంప్టన్ వచ్చాడు. అతను ఇల్లు చేరేవేళకి ఆమె బయల్దేరాలి. ఆమె పార్ట్‌టైమ్ ముగించుకుని వచ్చేసరికి అతను మళ్ళీ డ్యూటీలో ఉంటాడు. పేరుకే ఒకే ఇంట్లో కాపురం. పొద్దున డికాషన్ చుక్కచుక్కా దిగే ఆ ఇరవై నిమిషాలే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేది.

"సెమిస్టర్ ఫీజు కట్టాలె ధరణీ. జర ఆలోచించు."

"సరే, మానేస్తాలే," అంది. పోట్లాడినా బాగుండేది. పోట్లాటకీ ఓపిక కావాలి కదా!

మర్నాటి నుంచి ఫిల్టర్ బోర్లించే ఉంది. కాఫీ పని లేదు గనుక ధరణి ముందు బస్సే ఎక్కేస్తోంది. మహీధర్ వచ్చేసరికి అన్నం గిన్నె మీద చీటీ: "పెరుగు ఫ్రిజ్‌లో ఉంది." నాలుగు రోజులూ అదే చీటీ.

డబ్బు మిగిలిన మాట నిజమే. పెళ్ళామే కనబడటం లేదు.

ఐదోరోజు సూపర్‌వైజర్‌ని బతిమాలి గంట ముందే వచ్చాడు. కారుచౌకగా దొరికిన కాఫీ డబ్బా విప్పి, నాలుగు చెంచాలు ఫిల్టర్‌లో వేసి వేడినీళ్ళు పోశాడు. బ్యాగు తగిలించుకుని, కళ్ళు నులుముకుంటూ ధరణి వచ్చేలోపే అంతా కరిగి జర్రున కిందికి దిగిపోయింది.

"అయ్యో రామా! ఇన్‌స్టంట్ పొడిని ఫిల్టర్‌లో వేస్తారా ఎవరైనా?" ఎన్నాళ్ళకో ఆమె పకపకా నవ్వింది.

అతను నవ్వలేదు. "గింత జల్ది అయిపోతదా?"

"త్వరగా అవ్వాలనే కదా అది కొనేది!"

"అయితే నాకొద్దిది." కుర్చీలో కూలబడ్డాడు. "కాఫీ బంద్ పెట్టిన అనుకున్న ధరణీ. నిన్ను చూసుడు బంద్ పెట్టుకున్న."

ధరణి భుజానున్న బ్యాగు దించి, అతని పక్కన కూర్చుంది. "మరి పాత పొడే తెచ్చుకుందామా?"

"దానికన్న మెల్లగ దిగేది ఉంటే చూడు," అన్నాడు మహీధర్. "రేటు ఎంతున్నా సరే."