అడిగి తీసుకున్న నూరువరహాలు

గుణదలలో మేం అద్దెకున్న ఇంట్లో గదులకన్నా వెనక దొడ్డే పెద్దది. పొద్దుటి ఎండ గోడ మీదుగా దిగి పడకగది కిటికీ దాకా వచ్చేది. ఆ కిటికీ కింద ఒక పూలమొక్క ఉంటే బాగుండునని ఎప్పుడూ అనుకునేదాన్ని. ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది తొలకరి వానలకి మా అక్క తెరేసమ్మ గన్నవరం నుంచి బస్సులో వచ్చింది. ఒళ్ళో తడి గోనెపట్టా చుట్టిన నూరువరహాల మొక్క.

మోకాలెత్తు కూడా లేదు. గుండ్రంగా, బొద్దుగా, ఆకు కనపడకుండా ఎర్రటి గుత్తులు.

"ఇది మీ బుల్లెమ్మ వదినది కదూ?" అన్నాను.

బుల్లెమ్మ మా బావగారి అక్క. భర్త పోయాక తమ్ముడింట్లోనే ఉండి, రెండేళ్ళ కిందట చనిపోయింది. సాయంత్రమైతే చిన్న కత్తెర పట్టుకుని ఈ మొక్క పక్కన కూర్చుని కొసలు కత్తిరిస్తూ ఉండటం నేనూ చూశాను.

"ఊఁ. నీకు కావాలా?"

"తెచ్చావుగా."

"అట్లా కాదు అమలా. నాకివ్వక్కా అని అడుగు."

నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తను చెబితే చెయ్యడానికి నాకు కారణం అక్కర్లేదు.

"నాకివ్వక్కా" అన్నాను.

అక్క గట్టిగా ఊపిరి వదిలింది. అన్నం తినమన్నా ఆగకుండా తరవాతి బస్సుకే వెళ్ళిపోయింది.

మా ఆయన జాన్‌బాబు గూడ్సు బండి గార్డు. డ్యూటీ లేని పూట గుంట తీసి, కొండ పక్క నుంచి ఎర్రమట్టి తెచ్చి, మాగిన పశువుల ఎరువు కలిపి మొక్క నాటాడు. రోజూ బియ్యం కడుగు పోసేదాన్ని. తొందరగానే నాటుకుంది. మా అమ్మాయి లూర్దుకి అప్పుడు ఐదేళ్ళు. పువ్వు తుంచి, కాడ లాగి, కొసనున్న తేనెబొట్టు చప్పరిస్తూ అక్కడే ఆడుకునేది.

మొక్క మాత్రం పెరిగేది కాదు. చిగుళ్ళు వేసేది. తెల్లారేసరికి ఆ చిగుళ్ళన్నీ కింద పడి ఉండేవి. పురుగు కొరికినట్టు కాదు, నున్నగా, ఏటవాలుగా తెగి.

"భలే కత్తిరిస్తున్నావే" అన్నాడు మా ఆయన ఒకరోజు.

నేనేమో అన్నాళ్ళూ ఆయనే కత్తిరిస్తున్నాడనుకుంటున్నాను.

వానలు తగ్గుముఖం పట్టే వేళకి లూర్దు దిండు మీద వెంట్రుకలు కనపడసాగాయి. ఊడినవి కాదు. తెగినవి. దాని గోళ్ళు నేను తియ్యకుండానే చిన్నవిగా ఉండేవి. పొట్టిదైపోయుంటుందనుకుంటూ కిందటి క్రిస్మస్ గౌను తీసి తొడిగాను. భుజాల మీంచి జారిపోయింది. అంచు పాదాల దాకా వచ్చింది. డాక్టరుగారు చూసి, "తింటోంది, ఆడుకుంటోంది, జబ్బేం లేదమ్మా" అన్నారు.

ఇంటికొచ్చాక లూర్దు నా చెవిలో అంది. "అమ్మా, పెద్దమ్మ నన్ను పెరగొద్దంటోంది."

"తెరేసమ్మ పెద్దమ్మా?"

"కాదు. కిటికీ దగ్గరుంటుందే... కత్తెర పెద్దమ్మ."

మర్నాడు పిల్లను చంకనేసుకుని గన్నవరం వెళ్ళాను. ఐదేళ్ళ పిల్ల, చంకలో బరువే తెలియలేదు.

అక్క కూతురు రోజీ వాకిట్లో తాడాట ఆడుతోంది. లూర్దుకన్నా రెండేళ్ళు పెద్దదే అయినా, కిందటి వేసవిలో ఇద్దరూ ఒకే ఎత్తు. ఇప్పుడు రోజీ వాళ్ళమ్మ గుండెల దాకా వచ్చింది. గౌను అంచు మడతలన్నీ విప్పేసి ఉన్నాయి.

అక్క గేటు దాకా వచ్చింది. గేటు తియ్యలేదు. చంకలో ఉన్న లూర్దును చూసి చూపు పక్కకి తిప్పుకుంది.

"తెలిసే ఇచ్చావా అక్కా?"

అక్క గొంతు తగ్గించి చెప్పింది. "వదిన కూతురు పెళ్ళయి వెళ్ళాక మళ్ళీ ఈ గడప తొక్కలేదు. పెద్దవాళ్ళయితే వెళ్ళిపోతారు, వెళ్ళిపోతారు అని అదే గొడవ. చచ్చాక మా రోజీని పట్టుకుంది. మొక్కను పీకి పారేశాం. తెల్లారేసరికి ఎక్కడిది అక్కడే ఉంది. ఎవరైనా నోరు తెరిచి అడిగితేనే పోతుందని ఎవరో చెప్పారు."

"అందుకని నా బిడ్డ మీదకి తోలావా?"

"ఇంకెవరిచేత అడిగించను? ఎందుకు, ఏమిటి అనకుండా నా మాట వినేది నువ్వొక్కదానివే."

గేటు పట్టుకుని నిలబడ్డాను.

"నువ్వూ ఎవరిచేతైనా అడిగించుకో" అంది అక్క. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వినపడింది.

ఇల్లు చేరేసరికి ముసురు పట్టింది. పక్కింటి సీతారావమ్మగారు గోడ అవతల నిలబడి ఉన్నారు. చంకలో మనవరాలు.

"అమలమ్మా, నీ నూరువరహాలు ఎంత ముచ్చటగా ఉన్నాయో. ఆ మొక్క మాకిస్తావా?"

అడిగేశారు. తీసుకెళ్ళండి అంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ చంకలో పిల్ల నన్ను చూసి బోసిగా నవ్వింది.

"చీడ పట్టిందండీ, వద్దు" అన్నాను.

దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. వంటింట్లో లాంతరు గ్లాసు తుడుస్తున్నాను. తడిమట్టి వాసన వస్తోంది. దానిలో కలిసి ఇంకో వాసన... ముక్కిపోయిన తలనూనె వాసన. వాన చప్పుడు సన్నగా ఉంది. దాని మధ్యలో...

కిచ్.

ఆగింది. మళ్ళీ... కిచ్... కిచ్...

"లూర్దూ" అని పిలిచాను. పలకలేదు. మంచం మీద లేదు. దొడ్డి తలుపు తీసి ఉంది.

లాంతరు ఎత్తాను. లూర్దు మొక్క ముందు గొంతుక్కూర్చుని ఉంది. తల వంచి, కళ్ళు మూసుకుని... జడ వేయించుకునే పిల్లలా. దాని వెనక ఎవరూ లేరు. కానీ వాన అక్కడ పడటం లేదు. మనిషి కూర్చున్నంత మేర... గాలిలోనే ఆగి, పక్కకి జారుతోంది.

కిచ్.

లూర్దు జుట్టులోంచి ఒక పాయ తెగి కింద పడింది.

"పెరగొద్దమ్మా..." ముసలి గొంతు. ముద్దు చేస్తున్నట్టుగా.

తడిలో మోకాళ్ళ మీద పడి, పిల్లను నా వెనక్కి లాగేశాను.

"దీన్ని వదిలెయ్" అన్నాను. "కావాలంటే... నేనున్నానుగా."

చప్పుడు ఆగింది. వాన కూడా ఆగినట్టనిపించింది. అప్పుడు నా మెడ వెనక, జడ మొదట్లో, చల్లగా ఏదో ఆనింది...

మర్నాడు మా ఆయన వచ్చాక మొక్కను వేళ్ళతో సహా పెళ్ళగించి ఏలూరు కాలవలో వదిలేశాం. అది తిరిగి రాలేదు. గుంట పూడ్చి గడ్డి వేశాను. క్రిస్మస్‌కి లూర్దుకి కొత్త గౌను కుట్టించాల్సి వచ్చింది. పాతవేవీ పట్టలేదు. మా ఆయన ఎంతో సంతోషించాడు. నేనూ సంతోషించాను.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు అంట్లు తోముతుంటే నా గాజులు వాటంతటవే జారి బూడిదలో పడ్డాయి. సబ్బు రాసినా ఊడని గాజులవి. తరవాత బట్టలారేసే తాడు అందలేదు. ఎవరైనా పైకి కట్టారేమోనని చూశాను. పాత ముడే, పాత మేకే.

ఫిబ్రవరిలో మేరిమాత తిరునాళ్ళకి కొండ మెట్ల దగ్గర అక్క కనపడింది. రోజీని చేత్తో పట్టుకుని ఉంది. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. చుట్టూ జనం తోసుకుంటూ పోతున్నారు. ఎన్నో మాటలు దాచుకున్నాను అక్కతో అనడానికి. నాలుగడుగులు వేసి ఎదురుగా నిలబడ్డాను.

మా అక్క నా భుజం దాకా వచ్చే మనిషి. ఆ రోజు అక్క కళ్ళలోకి చూడటానికి నేను తలెత్తాల్సి వచ్చింది.